కమానుకూ ఊపిరి ఉంటుంది

పిఠాపురం,
కార్తీక మాసం

చిరంజీవి అమ్మడిని మీ తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

మీ అమ్మమ్మ రోజూ తెల్లవారకుండానే పాదగయ క్షేత్రానికి వెళ్ళి పుష్కరిణిలో దీపం వదిలి వస్తోంది. మోకాళ్ళ నొప్పులున్నా ఈ నెల మాత్రం ఎవరి మాటా వినదు. నీ ఉత్తరం వచ్చి వారం దాటింది. "ఫోన్ చేసి చెప్పెయ్యి నాన్నా, పిల్ల ఎదురుచూస్తూ ఉంటుంది" అంది మీ అమ్మ. నువ్వు అడిగింది ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు. ఇరవై ఏళ్ళ పిల్ల కూర్చుని నాలుగు పేజీలు చేత్తో రాసి అడిగిందంటే నేనూ కూర్చుని రాయాల్సిందే.

నీ సంగతి సరిగ్గానే అర్థం చేసుకున్నానో లేదో చూడు. చెన్నైలో ఒక రికార్డింగ్ సంస్థవాళ్ళు నీ వీడియోలు చూసి ఆల్బం చేద్దామన్నారు. నాలుగు కీర్తనలు, నాలుగు సినిమా పాటలు, ఏదీ నాలుగు నిమిషాలు దాటకూడదు. సరిగ్గా అదే డిసెంబరులో ఒక పెద్ద గాయని తన మూడు కచేరీలకు నిన్ను పక్కవాద్యానికి పిలిచారు. రెండూ కుదరవు. "జన్మంతా ఇంకొకరి పక్కన కూర్చోవాలని లేదు తాతయ్యా, సోలో ఆర్టిస్టుగా నా పేరు మీద నేను నిలబడాలని ఉంది, తప్పా?" అని అడిగావు.

తప్పు కాదమ్మా. ఆ కోరిక లేకపోతే పదేళ్ళపాటు రోజుకు ఐదు గంటలు వేళ్ళు కాయలు కాచేలా ఎవరు సాధకం చేస్తారు? నాకూ ఉండేది. కానీ పక్కవాద్యం నుంచి తప్పించుకుని సోలోకి చేరుకోవచ్చని నువ్వు అనుకుంటున్నావు చూడు, అక్కడే నేను నిన్ను ఆపుతున్నాను.

నువ్వు పంపిన బిలహరి కీర్తన నాలుగుసార్లు విన్నాను. మొదటిసారి మీ అమ్మమ్మతో కలిసి, మనవరాలు వాయించిందన్న మురిపెంతో విన్నాను. రెండోసారి తాళం వేసుకుంటూ విన్నాను. మూడోసారి కళ్ళు మూసుకుని, నాలుగోసారి సాహిత్యం నోట్లో అనుకుంటూ. శ్రుతి పొల్లు పోలేదు. మూడో కాలం స్వరాలు ముత్యాల్లా పడ్డాయి. నీ వయసులో నాకు అంత వేగం లేదు, ఆ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా సంతోషం. అయితే నాలుగోసారి, నేను పెదవులు కదుపుతూ వింటున్నప్పుడు, నాకు ఆయాసం వచ్చింది. నీ ఫిడేలుతోపాటు నేను పాడలేకపోయాను. ఆగి గాలి పీల్చుకోవడానికి నువ్వు చోటు ఇవ్వలేదు. చరణంలో ఒకచోట మాట సగంలో కమాను తిప్పేశావు. "దయచూడు" అన్న మాటను "దయచూ" దగ్గర విరిచి "డు" అని మళ్ళీ ఎత్తుకుంటే ఎలా ఉంటుంది? పాడేవాళ్ళెవరైనా అలా విరుస్తారా? కమాను చివరికొచ్చింది కాబట్టి తిప్పావు. మాట అయిందని తిప్పలేదు.

ఇది నీ ఒక్కదాని లోపం అనుకుని కుంగిపోకు. నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు కాకినాడలో ఒక కచేరీ. పాడేది డెబ్భై దాటిన పెద్దాయన. కాంభోజి ఆలాపన మొదలుపెట్టారు. నేను అప్పటికే ఈ చుట్టుపక్కల బాగా వాయిస్తాడన్న పేరు తెచ్చుకున్నవాణ్ణి. ఆయన ఒక ప్రయోగం పాడి ఆపగానే అందుకుని వాయించేవాణ్ణి. ఆయన మళ్ళీ ఎత్తుకునేలోపు ఇంకో రెండు స్వరాలు తగిలించేవాణ్ణి. జనం తలలూపుతున్నారు. నాకు అదొక మత్తు. ఆలాపన అయ్యాక ఆయన వెనక్కి తిరిగి ఫ్లాస్కులోంచి వేడి పాలు పోసుకుని తాగుతూ, మైకుకు వినిపించనంత మెల్లగా అన్నారు: "బాబూ, నేను గాలి పీల్చుకునే చోట కూడా నువ్వు వాయించేస్తున్నావు. ఆ చోటు కూడా పాటలోదే."

నా చెవులు వేడెక్కిపోయాయి. తర్వాత కీర్తనలో నెరవు వచ్చింది. ఆయన తారషడ్జం మీద నిలబడి ఆపారు. ఈసారి నేను కమాను తీగ మీదే ఉంచి, ఆయన వదిలిన స్వరాన్ని మాత్రం సన్నగా పట్టుకుని ఉన్నాను. ఇంకేమీ వాయించలేదు. హాల్లో తంబురా మోత వినిపించింది. ముందు వరసలో ఎవరిదో గాజుల చప్పుడు వినిపించింది. ఆయన గుండెనిండా గాలి తీసుకోవడం నాకు పక్కనుంచి కనిపించింది, భుజాలు పైకి లేచి దిగాయి. అప్పుడు ఆయన ఎత్తుకున్న పంచమం ఉందే, యాభై ఏళ్ళయినా నా చెవిలోంచి పోలేదు. ఆ రోజు నుంచి నా కమాను మారింది. అంతకుముందు పదిహేనేళ్ళు ఒంటరిగా గదిలో కూర్చుని చేసిన సాధకంలో అది నాకు తెలియలేదు.

పక్కవాద్యం ఇచ్చేది ఇదేనమ్మా. పాడేవారి గొంతు వెనకే నీడలా వెళ్ళాలి. వారు ఎటు తిరుగుతారో ముందే తెలియదు. వారు దీర్ఘం తీస్తే నీ కమాను నెమ్మదించాలి, వారు నవ్వినట్టు ఒక గమకం వేస్తే నీ వేలు కూడా అలాగే జారాలి. రోజుకో గొంతు, రోజుకో శ్రుతి. ఒకాయన ఒకటో శ్రుతిలో పాడతారు, మర్నాడు ఒకావిడ ఐదున్నరలో పాడతారు. తీగలు మారుతాయి, వేళ్ళ కింద వాటి బిగువు మారుతుంది. నీ గదిలో నీకు ఇష్టమైన శ్రుతిలో, నీకు వచ్చిన కీర్తనలే వాయించుకుంటే ఈ చదువు ఎక్కడ దొరుకుతుంది?

ద్వారం వెంకటస్వామి నాయుడుగారి పేరు నీకు చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉన్నాను. "ఫిడేలు నాయుడుగారు" అంటే చాలు, కోస్తా జిల్లాల్లో అందరికీ తెలిసేది. ఈసారి ఆయన జీవితంలోని సంవత్సరాలను కాస్త వేళ్ళ మీద లెక్కపెట్టి చూడు. 1893లో పుట్టారు. చిన్నప్పటి నుంచీ చూపు అంతంతమాత్రం. అన్నగారి దగ్గరే ఫిడేలు పట్టారు. విజయనగరంలో 1919లో మహారాజావారు సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసుగారిని అధ్యక్షుడిని చేశారు. ఆ కళాశాలలో నాయుడుగారు వయొలిన్ ఆచార్యులయ్యేసరికి వయసు ఇరవై ఆరు. విద్యార్థిగా చేరదామని వెళితే అధ్యాపకుడిగా తీసుకున్నారని చెప్పుకుంటారు. 1936లో ఆ కళాశాలకు ఆయనే ప్రిన్సిపాల్. ఇంత పేరున్న మనిషి తొలి సోలో కచేరీ ఎప్పుడు చేశారో తెలుసా? 1938లో, వేలూరులో. అంటే నలభై అయిదో ఏట. అప్పటిదాకా పెద్ద పెద్ద గాయకుల పక్కన కూర్చుని వాయించిన కమాను అది. ఆ తర్వాత మూడేళ్ళకే, 1941లో, మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది. 1957లో పద్మశ్రీ.

మన సంగీతంలోకి ఫిడేలు వచ్చి రెండు వందల ఏళ్ళు పైన. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని పట్టుకుని మన రాగాలు పలికించారు. చాలాకాలం అది ఎక్కువగా గాయకుడి పక్కనే కూర్చుంది. అది ఒంటరిగా ఒక నిండు కచేరీ చేయగలదని, టికెట్టు కొనుక్కుని వచ్చినవాళ్ళు ఆ ఒక్కదాని కోసమే మూడు గంటలు కూర్చోగలరని చూపించిన తొలితరం వాళ్ళలో నాయుడుగారు ముఖ్యులు. ఆయన వాయిస్తుంటే ఎవరో పాడుతున్నట్టే ఉండేదని విన్నవాళ్ళందరూ ఒకే మాట చెబుతారు. 1952లో పాశ్చాత్య వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనుహిన్ మన దేశం వచ్చినప్పుడు మద్రాసులో జస్టిస్ రాజమన్నారుగారి ఇంట్లో నాయుడుగారి వాయిద్యం విన్నారు.

మెనుహిన్ పేరెత్తాను కాబట్టి నువ్వు ఏమంటావో కూడా నాకు తెలుసు. ఆయన పదహారేళ్ళకే లండన్‌లో స్వరకర్త ఎల్గార్ కన్సర్టోను, 1932లో, ఆ ఎల్గారే ఎదురుగా నిలబడి నడిపిస్తుండగా రికార్డు చేశారు కదా, నాకు ఇరవై దాటుతున్నాయి అంటావు. నిజమే. అయితే ఆయన ఏడేళ్ళకే జనం ముందు వాయించినవాడు. ఆ పదహారు నాటికి వెనక తొమ్మిదేళ్ళ కచేరీలున్నాయి. వయసు లెక్క పక్కన పెట్టు. నువ్వు మూడు గంటల నిండు కచేరీలు ఇప్పటికి ఎన్ని వాయించావు? నీ ఉత్తరంలోనే రాశావు, నాలుగు.

రికార్డులంటే నాకు పడదని అనుకోకు. నేను సంగీతంలోకి వచ్చిందే ఒక ప్లేటు వల్ల. మా చిన్నప్పుడు మా వీధి చివర కరణంగారింట్లో గ్రామఫోను ఉండేది. సాయంత్రం అరుగు మీద పెట్టి, కీ ఇచ్చి, ముల్లు మార్చి, నాయుడుగారి ప్లేటు వేసేవారు. పది అంగుళాల ప్లేటు, నిమిషానికి 78 చుట్లు. ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకు వాయించేసరికి అయిపోయేది. తిప్పి రెండో వైపు వేసేవారు. అరుగు కింద పిల్లలం కూర్చుని, ముల్లు చివరి గీతలోకి వెళ్ళి గరగరమనే దాకా కదిలేవాళ్ళం కాదు. ఇప్పుడు నీకు నాలుగు నిమిషాలు ఇచ్చారు. ఆ రోజుల కంటే ఎక్కువే. అందుకే నాలుగు నిమిషాలు తక్కువని నేను అనను. ఆ మూడు నిమిషాల్లో ఏం వదిలేయాలో ఆయనకు తెలుసు. పెద్ద ఆలాపన ఉండదు, నెరవుకు చోటు లేదు. ఒక్క సంగతి వేసినా అది నిండుగా ఉంటుంది, దాని తర్వాత ఊపిరి తీసుకునే చోటూ ఉంటుంది. మూడు గంటలు వాయించగలిగినవారు కాబట్టి మూడు నిమిషాలను అలా కోయగలిగారు.



మన పక్కన కాకినాడలో పుట్టిన వీణ చిట్టిబాబుగారిని చూడు. ద్రాక్షారామం నుంచి వెళ్ళిన ఈమని శంకరశాస్త్రిగారి శిష్యుడు. ఆయన "కొమ్మలో కోయిల" ప్లేటు వీణ అంటే ఏమిటో తెలియని ఇళ్ళల్లో కూడా మోగింది. రికార్డు చేసే మేలు అది, కాదనలేం. మన పిఠాపురం సంస్థానంలోనే తుమరాడ సంగమేశ్వరశాస్త్రిగారు ఉండేవారు. రాజావారి ఆస్థానంలో ఆయన వీణ విని రవీంద్రనాథ్ ఠాగూర్ శాంతినికేతన్‌కు పిలిపించుకున్నారు. ఆ వీణ నేను వినలేదు. మా గురువుగారు చెబుతుంటే విన్నదే. ఆ నాదం నా ఇంట్లో ఒక ప్లేటు మీద ఉంటే ఎంత బాగుండేదో అని ఎన్నిసార్లు అనుకున్నానో! కాబట్టి నువ్వు రికార్డు చెయ్యాలి. తప్పకుండా చెయ్యాలి. ఇప్పుడు నీ దగ్గరున్న వేగాన్ని మాత్రమే కాకుండా, నీ పాటను కూడా అందులో దాచగలిగిన రోజున చెయ్యి.

ఆ రోజు వచ్చినప్పుడు ఏం చూసుకోవాలో ఇప్పుడే చెప్పేస్తాను, అప్పటికి నేను ఉంటానో ఉండనో. మృదంగం వాయించేవారు నీకు ఎదురుగా, అదే గదిలో ఉండాలని పట్టుపట్టు. ముందు నువ్వు చెవిలో క్లిక్కు పెట్టుకుని ఒంటరిగా వాయించేసి, వారం తర్వాత ఎవరో వచ్చి దాని మీద మృదంగం వేస్తారట, ఇప్పుడు అలా జరుగుతోందని నువ్వే చెప్పావు. కాలప్రమాణం నిలబడాలి, నిజమే. కానీ మనుషులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబెట్టే కాలప్రమాణం వేరు. తప్పు పోయిన చోట ఆ ఒక్క స్వరాన్ని అతికించడం కంటే, ఆ చరణం మొత్తం మళ్ళీ వాయించు. ఫిడేలుకు అంటించే పికప్ వద్దని చెప్పు. కమాను గీతలోని గరుకు తప్ప దాని చుట్టూ ఉండే గాలి అందులో రాదు. మైకు రెండు మూరల దూరంలో పెట్టించుకో.

ఇక ఒప్పందం కాగితాలు. ఇది నా సొంత గాయం కాబట్టి ఎక్కువ రాస్తున్నాను, ఓపిగ్గా చదువు. క్యాసెట్ల కాలంలో నేను ఒక కంపెనీకి ఐదు రోజులు వాయించాను. త్యాగరాజ కీర్తనలు, రామదాసు కీర్తనలు. చేతికి కొంత డబ్బిచ్చి సంతకం పెట్టమన్నారు. చదవకుండా పెట్టాను. నా క్యాసెట్టు వస్తుందని ఏడాది ఎదురుచూశాను, రాలేదు. మూడో ఏట ఒకరోజు సామర్లకోట స్టేషన్లో కాఫీ కొట్టు దగ్గర నిలబడి ఉంటే టేప్‌రికార్డర్లో నా ఫిడేలు నాకే వినిపించింది. నా కమాను నాకు తెలియదా? కొట్టువాణ్ణి అడిగి డబ్బా తీసుకుని చూశాను. అది ఒక భక్తి శ్లోకాల క్యాసెట్టు. శ్లోకాల మధ్య నా కీర్తనలు ముక్కలుగా వేసుకున్నారు. అట్ట మీద నా పేరు లేదు. డబ్బా తిరిగి ఇచ్చేసి బండెక్కాను. మీ అమ్మమ్మకు కూడా చాలా రోజులు చెప్పలేదు.

ఆనాడు చట్టం కూడా మనకు అంత అండగా లేదు. 1957 నాటి కాపీరైట్ చట్టంలో వాయించేవాళ్ళకూ పాడేవాళ్ళకూ హక్కంటూ చేర్చింది 1994లో. 2012 సవరణతో, నీ వాయిద్యాన్ని వ్యాపారానికి వాడుకుంటే అందులో నీకు రాయల్టీ రావాలన్న హక్కు స్పష్టంగా వచ్చింది. ప్రదర్శకుల హక్కు యాభై ఏళ్ళు ఉంటుంది. కాబట్టి మొత్తం హక్కులు ఎల్లకాలానికి రాసిస్తున్నట్టు ఒక వాక్యం ఎక్కడైనా కనిపిస్తే కలం కింద పెట్టు, లాయరుకు చూపించు. నీ పేరు ఎక్కడెక్కడ వేస్తారో, మృదంగ విద్వాంసుడి పేరు వేస్తారో లేదో కూడా రాయించు. త్యాగయ్య కీర్తనలు అందరివీ, ఎవరినీ అడగక్కర్లేదు. సినిమా పాటలు అలా కాదు. వాటికి యజమానులుంటారు, అనుమతి కావాలి. ఆ అనుమతి ఎవరు తెచ్చుకోవాలో ఒప్పందంలో లేకపోతే రేపు గొడవ నీ మెడకు చుట్టుకుంటుంది.

సినిమా పాటలు వాయించడం తక్కువ పని అని మాత్రం ఎవరైనా అంటే నమ్మకు. మంచి బాణీ ఎక్కడున్నా మంచి బాణీయే.

ఇక బతుకుతెరువు మాట. సోలో కచేరీలతో, ఆల్బంలతో మాత్రమే ఇల్లు గడిచే ఫిడేలు విద్వాంసులు మన తెలుగునాట ఎప్పుడూ కొద్దిమందే. ద్వారంవారు కళాశాలలో పాఠాలు చెప్పారు. అప్పటి పశ్చిమ గోదావరిలోని సోమవరప్పాడు నుంచి వచ్చిన అన్నవరపు రామస్వామిగారు విజయవాడ ఆకాశవాణిలో దశాబ్దాలపాటు నిలయ విద్వాంసులుగా పనిచేశారు. 2021లో, తొంభై అయిదేళ్ళ వయసులో, పద్మశ్రీ వచ్చింది. ఆకాశవాణి ఆడిషన్‌కు ఈ ఏడాదే దరఖాస్తు పెట్టు. బి, బి-హై, ఎ, ఎ-టాప్, ఒక్కో మెట్టూ ఎక్కాలి. దాన్ని పాతకాలపు వ్యవహారం అనుకుంటున్నావని నీ మాటల్లో తెలిసింది. మనిషి మొహం చూడకుండా వాయిద్యాన్ని మాత్రమే విని తీర్పు చెప్పే చోట్లు మనకు చాలా తక్కువ ఉన్నాయి. దగ్గర్లో ఇద్దరు ముగ్గురు పిల్లలకు పాఠం కూడా మొదలుపెట్టు. సరళీ స్వరాలు ఇంకొకరికి చెబుతున్నప్పుడు నీ చేతిలోని తప్పులు నీకే కనిపిస్తాయి.

ఆడపిల్లవు కాబట్టి ఇంకొక విషయం దాచకుండా చెప్పాలి. ఆడవాళ్ళు పక్కవాద్యం వాయిస్తే తమకు చిన్నతనం అనుకున్న మగ గాయకులు ఒకప్పుడు బాహాటంగానే ఉండేవారు. ఇప్పుడు బయటికి అనరు, కొందరి మనసులో ఇంకా ఉంటుంది. నీ ఉత్తరంలో ఆ బాధ కూడా ఉందని నాకు అర్థమైంది, నువ్వు రాయకపోయినా. మన విజయనగరం ఆడపడుచు కన్యాకుమారిగారిని తలుచుకో. ఇవటూరి విజయేశ్వరరావుగారి దగ్గర నేర్చుకుని మద్రాసు వెళ్ళారు. ఎం.ఎల్. వసంతకుమారిగారి పక్కన ఏళ్ళ తరబడి వాయించారు, ఆవిడ దగ్గరే నేర్చుకున్నారు కూడా. సోలోలు చేశారు, ఎన్నో వాద్యాలతో కలిపి పెద్ద పెద్ద వాద్యబృందాలు నడిపారు. 2016లో సంగీత కళానిధి అందుకున్నారు. ఆ బిరుదు అందుకున్న తొలి మహిళా వయొలిన్ విద్వాంసురాలు ఆవిడే. పక్కన కూర్చోవడం ఆవిడను చిన్నదాన్ని చేసిందా? నిన్ను ఇప్పుడు పిలిచిన గాయని కూడా వేదిక మీదికి ఇంకో ఆడపిల్లను తెచ్చుకుంటున్నారు. ఆ పిలుపును కాదనకు.

ఒళ్ళు జాగ్రత్త. ఫిడేలు తల కుడి పాదం మీద సరిగ్గా ఆనితేనే ఎడమ చేతికి బరువు ఉండదు, వేలు హాయిగా జారుతుంది. నీ వీడియోలో ఎడమ భుజం పైకి లేచి ఉంది, మెడ ఒక వైపుకు వాలింది. కెమెరాకు మొహం కనబడాలని అలా కూర్చున్నావేమో. అలా రెండేళ్ళు కూర్చుంటే మెడనొప్పి నిన్ను వదలదు. చెన్నైలో కూడా సముద్రపు గాలే, తీగలు తుప్పు పడతాయి. వాయించగానే పొడిగుడ్డతో రోజన్ పొడి తుడిచి, కమాను బిగువు వదులు చేసి పెట్టెలో పెట్టు. ఇది నీకు ఎనిమిదో ఏట చెప్పినదే, మళ్ళీ చెబుతున్నాను.

మొదట అడగాల్సింది చివరికి వచ్చింది. నువ్వు పాడటం ఎప్పుడు మానేశావు? ఇక్కడ ఉన్నప్పుడు రోజూ పొద్దున్నే తంబురా పెట్టుకుని అకార సాధకం చేసేదానివి. ఏ కీర్తనైనా నోటికి వచ్చాకే చేతికి అనేది మన ఇంట్లో కట్టుబాటు. నీ బిలహరి వింటే అది చేతికే నేరుగా వచ్చిన కీర్తన అనిపించింది. మన పిఠాపురం తాలూకా కొత్తపల్లిలో 1927లో పుట్టిన నేదునూరి కృష్ణమూర్తిగారు 1940లో విజయనగరం కళాశాలలో చేరి ద్వారం నరసింగరావునాయుడుగారి దగ్గర గాత్రంతోపాటు ఫిడేలు కూడా నేర్చుకున్నారు. ఆ తర్వాత శ్రీపాద పినాకపాణిగారి దగ్గర పాట నేర్చుకుని గాయకుడిగా నిలిచారు, 1991లో సంగీత కళానిధి అయ్యారు. ఆయన పాట వింటుంటే ఒక్కొక్క దీర్ఘం పొడుగాటి కమాను గీతలా నాకు తోస్తుంది. ఫిడేలు పట్టిన మనిషి పాటగాడైతే పాటలోకి కమాను వచ్చింది. నువ్వు ఫిడేలులోకి పాటను తెచ్చుకో.

కాబట్టి నా మాట ఇది. ఆ గాయనికి వస్తానని ఈ వారమే కబురు పెట్టు. ఆవిడ పాడే కీర్తనల జాబితా అడిగి తీసుకుని, అన్నిటినీ నోటితో పాడుకో. ఆవిడ పాత రికార్డింగులు దొరికితే ఫిడేలు పక్కన పెట్టి విను, ఎక్కడ గాలి తీసుకుంటారో పెన్సిలుతో సాహిత్యం మీద గుర్తు పెట్టుకో. రికార్డింగ్ సంస్థవాళ్ళకు వచ్చే కార్తీకం దాకా గడువు అడుగు. నీ వాయిద్యం నిజంగా కావాలనుకుంటే ఆగుతారు. ఆగకపోతే ఇంకొకరు వస్తారు. ఈ సంవత్సరంలో ఆ నాలుగు కీర్తనలనూ చిన్న చిన్న సభల్లో, గుళ్ళల్లో, పాతికమంది ముందైనా సరే, వాయిస్తూ ఉండు. కాకినాడ సరస్వతీ గానసభ సంగతి నేను కనుక్కుంటాను. నువ్వు నా మాట వినకుండా ఆల్బమే చేసినా నేను కోప్పడను. కానీ ఆ ఒప్పందం కాగితం సంతకం పెట్టేముందు నాకు పంపు.

సంక్రాంతికి వస్తున్నావు కదా. వచ్చేటప్పుడు లావు తీగలు ఒక జత తెచ్చుకుని, ఇక్కడికొచ్చాక నీ ఫిడేలును ఒకటో శ్రుతికి దించు. నా గొంతు ఇప్పుడు అంతకు మించి పైకి వెళ్ళదు. ఆ బిలహరి కీర్తన నేను పాడతాను. మధ్యమధ్య ఆగుతాను, ఇప్పుడు నాకు తరచూ ఆయాసం వస్తోంది. నువ్వు నా పక్కన కూర్చుని వాయించు.

మీ అమ్మమ్మ పూతరేకులు పంపమంటావా అని అడగమంది.

ఆశీస్సులతో,
మీ తాతయ్య